పాత కారు డోర్ ప్యాడ్లకు రంగు: విప్పడం నుంచి మళ్లీ బిగించేదాకా

"బండికి టింకరింగ్ అయింది, బయట పెయింటింగ్ అయింది. లోపల డోర్ ప్యాడ్లు మాత్రం వెలిసిపోయాయి. ఒక స్ప్రే డబ్బా తెచ్చి కొట్టేస్తే సరిపోతుందా?" పాత మారుతి 800, అంబాసిడర్, పద్మిని ఉన్నవాళ్లు తరచూ అడిగే మాట ఇది. స్ప్రే డబ్బాతో పని అవుతుంది. ఏ డబ్బా కొనాలి, దాన్ని కొట్టేముందు ఏం చేయాలి అన్నదే అసలు సంగతి. రంగు కొట్టడం ఒక పూట పని. దానికి ముందు కడగడానికి, తుడవడానికి, ఆరబెట్టడానికి రెండు రోజులు పడుతుంది. ఆ రెండు రోజుల్ని ఎగ్గొడితే మోచేయి ఆనేచోట రంగు పొరలు పొరలుగా లేచిపోతుంది.

ఇక్కడ చెప్పేది మనం రెక్సిన్ అని పిలిచే వినైల్ తొడుగు ఉన్న ప్యాడ్ల గురించి. వెనక హార్డ్‌బోర్డ్, దాని మీద పల్చటి ఫోమ్, పైన వినైల్ ఉంటాయి. గట్టి ప్లాస్టిక్ భాగాల గురించి అవి వచ్చినచోట చెప్తాను.

1. రంగు వేయాలా, రెక్సిన్ మార్చాలా?

వెలిసిన వినైల్ రంగుతో బాగవుతుంది. ఎండి చిట్లిన వినైల్ బాగవదు. ముందు ఈ రెండింట్లో మీది ఏదో చూసుకోండి. బొటనవేలితో నాలుగైదు చోట్ల గట్టిగా నొక్కి చూడండి. అద్దం పక్కనుండే పై అంచును తప్పకుండా నొక్కండి. ఎండ దెబ్బ ముందు తగిలేది అక్కడే.

రంగుకు పనికొచ్చేవి:
- నొక్కితే లోపలికి వెళ్లి మళ్లీ పైకి వస్తున్నది
- రంగు వెలిసింది, మరకలు పడ్డాయి, కానీ గ్రెయిన్ (వినైల్ మీద తోలులా కనిపించే సన్నటి గుంటల అచ్చు) చెదరలేదు
- ఒకటి రెండు చిన్న చిరుగులు, స్క్రూ రంధ్రాలు మాత్రమే ఉన్నవి

పనికిరానివి:
- నొక్కగానే సన్నటి పగుళ్లు విచ్చుకుంటున్నది
- కింది అంచున హార్డ్‌బోర్డ్ నీళ్లు తాగి ఉబ్బి, పొరలుగా విడిపోయింది
- కడిగి ఆరబెట్టాక కూడా వేలికి బంకబంకగా తగులుతున్నది

ఆ బంక ఎక్కడిదంటే, వినైల్ మెత్తగా ఉండటానికి తయారీలో ప్లాస్టిసైజర్ అనే నూనెలాంటి పదార్థం కలుపుతారు. ఏళ్ల తరబడి వేడికి అది కొంచెం కొంచెంగా పైకి ఊరుతుంది. ఎండలో నిలిపిన కారు అద్దాలకు లోపలివైపు పట్టే జిడ్డు మసకలో కూడా దాని వాటా ఉంటుంది. ఒకసారి తుడిస్తే పోయి, వారానికి మళ్లీ బంక తేలుతుంటే ఆ ప్యాడ్ మీద రంగుకు డబ్బు పెట్టకండి.

సీట్ కవర్ల షాపులో కొత్త రెక్సిన్ వేయించడం తేలికే. కానీ కంపెనీ ప్యాడ్ మీద వేడితో నొక్కి తీసిన గీతలు తిరిగి రావు. షాపువాళ్లు వేసే కుట్టు ఎంత నీటుగా ఉన్నా అది వేరే బండి ప్యాడ్‌లాగే కనిపిస్తుంది. అందుకే వినైల్‌లో పస ఉన్నంతవరకు నా ఓటు రంగుకే.

2. ఏ రంగు కొనాలి?

నూటికి తొంభై మంది పొరపాటు దుకాణంలోనే మొదలవుతుంది. మామూలు ఎనామెల్ స్ప్రే, డ్యూకో, బైక్ ట్యాంకుకు కొట్టే డబ్బా, ఇవేవీ వద్దు. ఇవి ఆరాక గట్టి పొరగా తయారవుతాయి. వినైల్ వంగుతుంది, వేడికి సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. పైనున్న పొర దానితోపాటు కదలలేక పగులుతుంది. కొన్ని ఎనామెళ్లయితే ప్లాస్టిసైజర్‌తో కలిసి ఎన్నాళ్లయినా ఆరవు, చేయి పెడితే అంటుకుంటూనే ఉంటాయి.

పనికొచ్చే దారులు మూడు.

మొదటిది, వినైల్ కోసమే చేసిన స్ప్రే. డబ్బా మీద వినైల్ అని స్పష్టంగా రాసి ఉండాలి. పల్చగా పడుతుంది, గ్రెయిన్ మూసుకుపోదు. కొత్తవాళ్లకు ఇదే మేలు.

రెండోది, లెదర్, వినైల్ సీట్లకు వాడే నీటి ఆధారిత రంగు. స్పాంజితోనో చిన్న స్ప్రే గన్‌తోనో వేస్తారు. వాసన తక్కువ, కావాల్సిన షేడ్ కలుపుకోవచ్చు. దీనికి క్రాస్‌లింకర్ అని, రంగు పొరను గట్టిపరిచే మందు ఒక చిన్న సీసాలో విడిగా వస్తుంది. అది కలపకపోతే రాపిడికి ఆగదు. కలిపిన రంగును మర్నాటికి దాచుకోలేం, కాబట్టి కావాల్సినంతే కలపండి.

మూడోది పెయింటర్ల దారి. కారు పెయింట్లు అమ్మే షాపులో షేడ్ కలిపించి, బంపర్లకు వాడే ఫ్లెక్స్ అడిటివ్ (ఆరాక కూడా రంగు వంగేలా చేసే మందు) వేసి గన్‌తో కొట్టడం. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల షేడ్ కలిపేవాళ్లు సులువుగానే దొరుకుతారు. ఇందులో రంగు గట్టిపడటానికి కలిపే హార్డెనర్‌లో ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి, ఊపిరితిత్తులకు ప్రమాదం. సరైన గాలి ఏర్పాటు లేని ఇంట్లో ఈ పని పెట్టుకోకండి. ప్యాడ్లు విప్పి, కడిగి, పెయింటర్‌కు ఇచ్చి రండి.

షేడ్ కోసం వెలిసిన భాగాన్ని చూపించకండి. ఆర్మ్‌రెస్ట్ విప్పితే దాని కింద అసలు రంగు అలాగే ఉంటుంది. దాన్ని పగటి వెలుగులో పోల్చుకోండి. ట్యూబ్‌లైట్ కింద చూసి కొన్న బూడిద రంగు ఎండలోకి వచ్చాక నీలంగా తేలడం మామూలే. లేత నుంచి ముదురుకు మారడం సులువు. నల్ల ప్యాడ్‌ను లేత గోధుమ రంగుకు మార్చాలంటే ఎక్కువ పొరలు కొట్టాల్సి వస్తుంది, గీత పడినచోట పాత నలుపు తొంగిచూస్తుంది. మెరుపు రకం జోలికి పోకండి. మ్యాట్ గానీ, కొద్దిపాటి నునుపున్న శాటిన్ గానీ తీసుకోండి. మెరిసే ప్యాడ్ పక్క అద్దంలో ప్రతిబింబించి రాత్రిపూట చికాకు పెడుతుంది.

స్ప్రే డబ్బాలైతే చిన్న కారుకు డోర్‌కు ఒకటి చొప్పున, పైన ఒకటి అదనంగా లెక్కేసుకోండి. అన్నీ ఒకే బ్యాచ్‌వి తీసుకోండి.

మిగతా సామాను:
- గిన్నెలు తోమే లిక్విడ్, మెత్తటి బ్రష్, పాత టూత్‌బ్రష్
- పెయింట్ షాపులో దొరికే వ్యాక్స్ అండ్ గ్రీజ్ రిమూవర్
- ఐసోప్రొపైల్ ఆల్కహాల్
- దూది పోగులు రాలని తెల్ల గుడ్డలు, అనుకున్నదానికి రెట్టింపు
- పై మెరుపు తీయడానికి రుద్దే బూడిద రంగు స్కఫ్ ప్యాడ్
- మంచి మాస్కింగ్ టేపు, బ్రౌన్ పేపర్, ట్యాక్ క్లాత్ (దుమ్మును పట్టే జిగట గుడ్డ)
- నైట్రైల్ గ్లవ్స్, ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న మాస్క్ (గుడ్డ మాస్కు, ఎన్95 ద్రావకాల ఆవిరిని ఆపవు)
- మీ మోడల్‌కు సరిపోయే డోర్ ప్యాడ్ క్లిప్పులు

3. ప్యాడ్ విప్పడం

బండి మీద ఉండగానే పేపర్లు కట్టి రంగు కొట్టే ఆలోచన మానుకోండి. అంచులు కడగడం కుదరదు, రంగు ఊడటం మొదలయ్యేది ఆ అంచుల దగ్గరే.

ముందు అద్దం పూర్తిగా పైకి ఎత్తి, గ్లాస్ హ్యాండిల్ ఏ వైపు తిరిగి ఉందో ఫోటో తీసుకోండి. పవర్ విండోలు, స్పీకర్లు ఉంటే బ్యాటరీ నెగటివ్ తీగ తీసేయండి.

గ్లాస్ హ్యాండిల్ దగ్గరే చాలామంది ఆగిపోతారు. స్క్రూ ఎక్కడా కనిపించదు. మారుతి 800 లాంటి బండ్లలో హ్యాండిల్‌కూ, దాని వెనక ఉండే ప్లాస్టిక్ వాషర్‌కూ మధ్య గుర్రపు నాడా ఆకారంలో ఒక స్ప్రింగ్ క్లిప్ ఉంటుంది. సన్నటి గుడ్డ ముక్కను ఆ సందులోకి దూర్చి, రెండు కొసలూ పట్టుకుని ఎడాపెడా లాగండి. గుడ్డ పోగులు క్లిప్ కొసలను పట్టి బయటికి నెడతాయి. రెండో చెయ్యి అడ్డం పెట్టండి, లేదంటే క్లిప్ ఎగిరి ఏ సీటు కిందకో పోతుంది. ఇంకా పాత బండ్లలో క్లిప్ బదులు అడ్డంగా చిన్న పిన్ను ఉంటుంది. వెనక బిళ్లను డోర్ వైపు నొక్కితే పిన్ను కనిపిస్తుంది, సన్న మేకుతో తట్టి తీయాలి.

తర్వాత వరుస ఇది:
- లాక్ నాబ్‌ను తిప్పి తీయడం
- ఆర్మ్‌రెస్ట్ కింది స్క్రూలు. వాటి మీద చిన్న మూతలు ఉండొచ్చు
- లోపలి డోర్ హ్యాండిల్ చుట్టూ ఉండే చట్రం (బెజెల్)
- చివరగా ప్యాడ్ అంచుల క్లిప్పులు

క్లిప్పులు ఊడదీసేటప్పుడు పనిముట్టు సరిగ్గా క్లిప్ పక్కన పెట్టాలి. రెండు క్లిప్పుల మధ్య పట్టి లాగితే క్లిప్ డోర్‌లోనే ఉండిపోయి, హార్డ్‌బోర్డ్ రంధ్రం చిరుగుతుంది. ప్లాస్టిక్ ప్రై టూల్ లేకపోతే వెడల్పాటి స్క్రూడ్రైవర్‌కు గుడ్డ చుట్టండి. కింది మూల నుంచి మొదలుపెట్టి పక్కలకు వెళ్లండి. పై అంచు చాలా బండ్లలో డోర్ గాడిలో కూర్చుని ఉంటుంది, దాన్ని పైకి ఎత్తి తీయాలి.

ప్యాడ్ వెనక డోర్‌కు అంటించిన పాలిథీన్ షీట్ కనిపిస్తుంది. దాన్ని చింపకండి. అద్దం సందులోంచి దిగే వాన నీళ్లు ప్యాడ్‌కు తగలకుండా ఆపేది అదే. మన బండ్లలో ప్యాడ్ కింది అంచు ఉబ్బిందంటే, ఎప్పుడో ఏదో రిపేరుకు ఆ షీట్‌ను చింపి అలాగే వదిలేసి ఉంటారు. డోర్ అడుగున ఉండే నీటి రంధ్రాలు మూసుకుపోయాయేమో కూడా ఇప్పుడే చూసి, పుల్లతో తెరవండి.

ప్రతి ప్యాడ్ వెనక "ముందు ఎడమ", "వెనక కుడి" అని పెన్సిల్‌తో రాసి పెట్టుకోండి. స్క్రూలు ఏ డోర్‌వి ఆ కవర్లో వేయండి.

4. శుభ్రం చేయడం

ఈ భాగాన్ని మాత్రం రెండుసార్లు చదవండి.

ప్యాడ్ మీద కనిపించే మురికితో పెద్ద ఇబ్బంది లేదు, అది సబ్బుకు పోతుంది. కనిపించనిది సిలికాన్. పదేళ్లుగా వాషింగ్‌కు ఇచ్చిన ప్రతిసారీ కుర్రాడు డ్యాష్‌బోర్డ్ పాలిష్ పూసి మెరిపించి ఉంటాడు. ఆ పాలిష్‌లలో చాలావాటిలో సిలికాన్ నూనె ఉంటుంది. గ్రెయిన్ గుంటల్లో కూర్చుని, రంగును దగ్గరికి రానివ్వదు.

మొదట దుమ్ము దులిపి, గోరువెచ్చటి నీళ్లలో గిన్నెల లిక్విడ్ కలిపి బ్రష్‌తో రుద్దండి. బ్రష్ తడిగా ఉంటే చాలు, నీళ్లు కారకూడదు. ప్యాడ్‌ను పంపు కింద పెట్టారా, హార్డ్‌బోర్డ్ పని అయిపోయినట్టే. కొంచెం కొంచెంగా రుద్దుతూ వెంటనే తడిగుడ్డతో తుడవండి. నొక్కిన గీతల్లోకి టూత్‌బ్రష్ పోనివ్వండి. మోచేయి ఆనేచోట, డోర్ లాగే చోట తలనూనె, చెమట నల్లగా పేరుకుని ఉంటాయి. అక్కడ మూడు నాలుగు విడతలు పడుతుంది.

ఆరాక వ్యాక్స్ అండ్ గ్రీజ్ రిమూవర్. దీన్ని వాడే తీరు తెలియక చాలామంది జిడ్డును ఒకచోటి నుంచి ఇంకోచోటికి పూస్తారు. రెండు గుడ్డలు కావాలి. ఒకదానితో ద్రావకం పూయాలి, అది ఆవిరయ్యేలోపే రెండో పొడి గుడ్డతో ఎత్తేయాలి. ఆరిపోనిస్తే జిడ్డు మళ్లీ అక్కడే దిగుతుంది. ఒక్కోసారి జానెడు మేర మాత్రమే తీసుకోండి. గుడ్డ మడత మార్చుతూ ఉండండి. తెల్ల గుడ్డ తెల్లగానే తిరిగి వచ్చేదాకా చేయండి. ముందు కనిపించని మూలన కొద్దిగా పూసి, వినైల్ మెత్తబడటం లేదని చూసుకోవడం మరవద్దు.

థిన్నర్, పెట్రోలు, అసిటోన్ వాడకండి. థిన్నర్ నిమిషంలో గ్రెయిన్‌ను కరిగించి నున్నగా చేస్తుంది, దాన్ని వెనక్కి తెచ్చే మందు లేదు.

తర్వాత బూడిద రంగు స్కఫ్ ప్యాడ్‌ను సబ్బునీటిలో ముంచి, పిండి, తేలిగ్గా రుద్దండి. పై మెరుపు చచ్చి మొద్దుగా కనిపిస్తే చాలు. వంటింటి ఆకుపచ్చ స్క్రబ్బర్ గీతలు వేస్తుంది, ఎమెరీ పేపర్ గ్రెయిన్ తలలను కోసేస్తుంది, రెండూ వద్దు.

ఇప్పుడు పరీక్ష. స్ప్రే సీసాతో మంచినీళ్లు సన్నటి తుంపరగా కొట్టి, ఒక మూల నుంచి వెలుగు పడేలా వంగి చూడండి. నీరు పల్చటి పొరలా పరుచుకుని గ్రెయిన్ సందుల్లోకి దిగితే శుభ్రమైనట్టు. చేమాకు మీద వాన చినుకుల్లా గుండ్రంగా నిలబడితే సిలికాన్ ఇంకా ఉన్నట్టు, రిమూవర్ దగ్గరికి మళ్లీ వెళ్లండి. నాలుగు ప్యాడ్లలో డ్రైవర్ వైపుది తేలడానికి ఎక్కువసేపు పడుతుంది.

చివరగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఒక తుడుపు. ఇక్కణ్నుంచి గ్లవ్స్ లేకుండా ప్యాడ్ ముట్టుకోకండి. నీడలో, గాలి ఆడేచోట, నిలబెట్టి ఒక రోజు ఆరనివ్వండి. ఎండలో పెడితే హార్డ్‌బోర్డ్ వంకర తిరుగుతుంది.

5. చిరుగులు, లేచిన అంచులు

కారు బాడీకి వాడే పుట్టీ ఇక్కడ పనికిరాదు. వినైల్ వంగగానే అది పెళుసుగా విరుగుతుంది. వినైల్ రిపేర్ కోసం అమ్మే, ఆరాక కూడా వంగే ఫిల్లర్ తీసుకోండి. చిరుగు పెద్దదైతే కిందికి సన్న గుడ్డ ముక్క దూర్చి అంటించి, పైన ఫిల్లర్ పల్చగా రెండు మూడు పొరలు వేయండి. ఒకేసారి మందంగా వేస్తే ఆరాక కుంగుతుంది. చివరి పొర సగం ఆరినప్పుడు, అదే గ్రెయిన్ ఉన్న పాత రెక్సిన్ ముక్కకు ప్లాస్టిక్ కవర్ చుట్టి మెల్లగా నొక్కితే కొంత గ్రెయిన్ పడుతుంది. అచ్చంగా కలవదు, రంగు పడ్డాక చేయి చాచినంత దూరం నుంచి మాత్రం తెలియదు.

బోర్డు నుంచి లేచిన అంచులకు సీట్ కవర్ల షాపులవాళ్లు వాడే ఫెవికాల్ ఎస్‌ఆర్ రకం గమ్ము సరిపోతుంది. రెండు వైపులా పూసి, వేలికి అంటనంత ఆరాక కలిపి నొక్కండి. తడిగా ఉండగా అతికిస్తే నిలవదు. ముడుచుకుపోయిన వినైల్‌ను హెయిర్ డ్రయర్‌తో వెచ్చబెడితే సాగుతుంది. హీట్ గన్ వాడితే ఒకేచోట ఆపకండి.

6. చోటు, వేళ, మాస్కింగ్

క్రోమ్ పట్టీ, స్పీకర్ జాలీ, గుడ్డ అతికించిన భాగం, ఇవి విప్పగలిగితే విప్పండి, కుదరకపోతే టేపు వేయండి. టేపు అంచును గోటితో గట్టిగా నొక్కండి.

కారు షెడ్డు, వరండా మంచి చోట్లు. గ్యాస్ స్టవ్, దీపం, స్విచ్ బోర్డు దరిదాపుల్లో వద్దు. ఈ ఆవిరి మండుతుంది. నేల మీద నీళ్లు చిలకరిస్తే దుమ్ము లేవదు. ఫ్యాన్ ప్యాడ్ వైపు తిప్పకండి.

మన వాతావరణంలో వేళ చాలా ముఖ్యం. చలికాలం పొద్దున తొమ్మిది, పదకొండు మధ్య అన్నిటికన్నా మంచిది. ఎండాకాలంలో ఎనిమిదిన్నరకల్లా ముగించాలి. ఆ తర్వాత రంగు ప్యాడ్ చేరేలోపే గాల్లో ఆరి పొడిలా రాలుతుంది. ముసురు పట్టిన రోజు అసలు పెట్టుకోవద్దు. గాల్లో తేమ పొరలో చిక్కుకుని పాలలాంటి తెల్లదనం వస్తుంది. సాయంత్రం లైటు వేసుకుని చేద్దామంటే, తొలకరి తర్వాత దీపపు పురుగులు తడి రంగులో పడకుండా ఆపడం ఎవరి తరమూ కాదు.

డబ్బా చల్లగా ఉంటే గోరువెచ్చటి నీళ్లలో కొద్దిసేపు ఉంచొచ్చు. వేడినీళ్లు వద్దు. ఎండలో నిలిపిన కారులో డబ్బాలు పెట్టి మరచిపోకండి, 50 డిగ్రీలు దాటితే పేలే ప్రమాదం ఉంది.

7. రంగు కొట్టడం

నేరుగా ప్యాడ్ మీద మొదలుపెట్టకండి. వినైల్ అంచు మడిచి వెనక్కి అంటించి ఉంటుంది కదా, ఆ వెనక భాగమే ప్రయోగశాల. ముందువైపును శుభ్రం చేసినట్టే దాన్నీ శుభ్రం చేసి, కొట్టి, ఒక రోజు ఆగండి. మాస్కింగ్ టేపు గట్టిగా అతికించి ఒక్కసారిగా లాగండి. గోటితో గీకండి. నిలిచిందా, ముందుకు వెళ్లండి.

గట్టి ప్లాస్టిక్ భాగాలుంటే వెనక అచ్చు అక్షరాలు చూడండి. పీపీ అని ఉంటే అది పాలీప్రొపిలీన్. దాని మీద అడ్హీషన్ ప్రమోటర్ (రంగు అంటుకునేలా ముందుగా కొట్టే పూత) లేకుండా ఏ రంగూ పట్టదు. ఏబీఎస్ ఉంటే అంత ఇబ్బంది లేదు. వినైల్‌కు మాత్రం, డబ్బా మీద అడిగితేనే ప్రమోటర్ వాడండి.

వరుస:
- ప్యాడ్‌ను గోడకు వాలుగా నిలబెట్టండి.
- ట్యాక్ క్లాత్‌ను బరువు వేయకుండా ఒకసారి నడిపించండి.
- డబ్బాలో గోళీ చప్పుడు మొదలయ్యాక కనీసం రెండు నిమిషాలు ఊపండి. మధ్యమధ్యలో కూడా ఊపుతుండాలి.
- ముందు అంచులు, నొక్కిన గీతలు, ఆర్మ్‌రెస్ట్ చుట్టూ గుంటలు. తర్వాత విశాలమైన భాగం.
- 20 నుంచి 25 సెంటీమీటర్ల దూరం. చేతిని ప్యాడ్ బయట మొదలుపెట్టి బయటే ఆపండి. ఒక్కో వరుస ముందు వరుసను సగం కప్పాలి.

మొదటి కోటు చూస్తే మీకు నచ్చకూడదు. పాత రంగు ఇంకా సగం కనిపిస్తూ, మంచు పట్టినట్టు మచ్చలుగా ఉండాలి. రెండో కోటు పట్టుకునేందుకు అదే ఆధారం. ఇక్కడే చేయి ఆగదు, "ఇంకొంచెం కొడితే కప్పేస్తుంది" అనిపిస్తుంది. ఆగండి. 10 నుంచి 15 నిమిషాలు ఆరనివ్వండి, లేదా డబ్బా మీద రాసినంత. రెండో కోటు మొదటిదానికి అడ్డంగా కొట్టండి. మూడో కోటుతో సాధారణంగా కప్పేస్తుంది. ఆర్మ్‌రెస్ట్‌కు, చేయి పెట్టి లాగే చోటకు ఇంకొక పల్చటి కోటు అదనంగా వేయండి. మందంగా వేసిన ఒక కోటు గ్రెయిన్‌ను పూడుస్తుంది, దూరం నుంచి చూసినా ప్లాస్టిక్ బకెట్లా కనిపిస్తుంది.

నాలుగు ప్యాడ్లనూ పక్కపక్కన పెట్టి, కోటు తర్వాత కోటు కలిపి నడపండి. నాలుగోది ముగిసేసరికి మొదటిది ఆరి ఉంటుంది, షేడ్ కూడా తేడా రాదు.

నీటి ఆధారిత రంగైతే మెత్తటి స్పాంజితో మొదటి పొరను అద్దినట్టు పూసి గ్రెయిన్‌లోకి ఎక్కించండి, మిగతావి గన్‌తో కొడితే చారలు రావు. ఒక్కో పొరను హెయిర్ డ్రయర్‌తో ఆరబెట్టుకోవచ్చు. చివర దాని మ్యాట్ టాప్‌కోట్ తప్పనిసరి.

8. తప్పులు, దిద్దుబాట్లు

చేపకళ్లు: రంగు పడగానే చిన్న చిన్న గుండ్రటి గుంటలుగా విచ్చుకుంటుంది. సిలికాన్ మిగిలిందన్నమాట. పైన ఇంకో కోటు కొట్టి పూడ్చాలని చూడకండి, గుంటలు పెద్దవవుతాయి. తడిగా ఉండగానే ఐసోప్రొపైల్ గుడ్డతో ఆ భాగం తుడిచేసి, ఆరాక నాలుగో భాగంలో చెప్పిన శుభ్రం మళ్లీ మొదటి నుంచి చేయండి.

కారిన చుక్కలు: తడిగా ఉండగా ముట్టుకోవద్దు. పూర్తిగా ఆరాక స్కఫ్ ప్యాడ్‌తో చుక్కను అణచి, పల్చటి కోటు వేయండి.

గరుకుదనం: చేయి వేస్తే సన్న ఇసుకలా తగులుతుంది. దూరం ఎక్కువైంది, లేదా ఎండ ఎక్కువైంది. ఆరాక శుభ్రమైన గుడ్డతో గట్టిగా రుద్దితే పొడి చాలావరకు రాలిపోతుంది. తర్వాత దగ్గరగా, పొద్దున్నే ఒక కోటు.

పాల తెలుపు: తేమ వల్ల. పొడి వాతావరణం వచ్చేదాకా ఆగి పల్చగా ఇంకో కోటు కొడితే చాలాసార్లు సర్దుకుంటుంది.

చారలు: ఒక్కో వరుస సగం కప్పకపోవడం వల్ల. అడ్డంగా ఇంకో పల్చటి కోటు.

వారం దాటినా అంటుకుంటోంది: రంగు తప్పుడు రకం, లేదా కిందనుంచి ప్లాస్టిసైజర్ ఊరుతోంది. మొదటిదైతే తీసేయడం తప్ప మార్గం లేదు. రెండోదైతే రెక్సిన్ షాపు.

బిగించాక మోచేయి దగ్గర ఊడటం: ఎక్కువ ఫిర్యాదులు వచ్చేది ఇదే. ఊడిన పొర అంచును గోటితో లేపండి. తేలిగ్గా రిబ్బన్లా వస్తున్నంత దూరం తీసేయాలి, గట్టిగా పట్టి ఉన్నచోట ఆపాలి. అక్కడిదాకా కడిగి, అంచును స్కఫ్ ప్యాడ్‌తో నున్నగా కలిపి, ఆ మేరకే మళ్లీ కోట్లు వేయండి. ఊడిన పొర వెనకవైపు చూడండి. జిడ్డుగా మెరుస్తుంటే కడగడం చాలలేదు, పొడిగా ఉండి ముక్కలవుతుంటే రంగు రకం తప్పు.

9. ఆరబెట్టి బిగించడం

వేలికి అంటకపోవడం వేరు, పూర్తిగా గట్టిపడటం వేరు. అర గంటలో మొదటిది వస్తుంది. 24 గంటలకు ముందు ప్యాడ్‌ను కదిలించకండి. వీలుంటే బిగించేముందు మూడు నాలుగు రోజులు వదిలేయండి. ఒకదాని మీద ఒకటి పేర్చకండి, రంగు రంగుకు అంటుకుంటుంది. మాస్కింగ్ టేపు మాత్రం చివరి కోటు తర్వాత అర గంటలోపే, వెనక్కి మడిచినట్టు మెల్లగా లాగాలి.

బిగించేటప్పుడు:
- పాలిథీన్ షీట్ ముందు. చిరిగితే కొత్తది కోసి, బ్యూటైల్ టేపుతో చుట్టూ అతికించండి. కింది అంచు డోర్ లోపలికి దూరాలి, నీళ్లు లోపలే జారాలి.
- విరిగిన, సడలిన క్లిప్పులు మార్చండి. పాతవాటిని వాడితే డోర్ వేసినప్పుడల్లా ప్యాడ్ కటకటమంటుంది.
- స్పీకర్ వైర్లు, స్విచ్ వైర్లు బయటికి తీయండి.
- పై అంచును గాడిలో కూర్చోబెట్టి, ప్రతి క్లిప్‌నూ రంధ్రానికి ఎదురుగా చూసుకుని అరచేతితో తట్టండి. పిడికిలి వద్దు.
- స్క్రూలు బిగించేముందే లోపలి హ్యాండిల్ లాగి లాక్ కదులుతోందో చూడండి, అద్దం దింపి ఎత్తి చూడండి. ఈ పరీక్షప్పుడు డోర్ తెరిచే ఉంచండి.
- గ్లాస్ హ్యాండిల్‌కు నాడా క్లిప్‌ను ముందే తొడిగి, ఫోటోలో ఉన్న కోణంలో షాఫ్ట్ మీద పెట్టి తట్టితే టక్కున కూర్చుంటుంది.

10. మొదటి నెల

నెల రోజుల దాకా తడిగుడ్డ తప్ప ఏమీ తగలనివ్వకండి. బండిని వాషింగ్‌కు ఇస్తే, లోపల పాలిష్ వేయొద్దని ముందే గట్టిగా చెప్పండి. "వేయలేదు సార్" అన్నాక కూడా వేలితో తడిమి చూసుకోండి. తర్వాత కావాలంటే సిలికాన్ లేని, నీటి ఆధారిత ప్రొటెక్టెంట్ వాడొచ్చు.

చేతులకు రాసుకునే శానిటైజర్‌ను డోర్ పాకెట్‌లో పెట్టే అలవాటు ఉంటే చోటు మార్చండి. అందులోని ఆల్కహాల్ కొత్త రంగును మెత్తబరుస్తుంది. తడి చేత్తో ఆర్మ్‌రెస్ట్ పట్టుకుంటే వేలిముద్రలు పడతాయి. ఎండలో ఎక్కువసేపు నిలిపే బండైతే పక్క అద్దాలకు సన్‌షేడ్లు పెట్టండి. మళ్లీ ముందుగా వెలిసేది ప్యాడ్ పై అంచే.

మిగిలిన డబ్బాను తలకిందులుగా పట్టి, నాజిల్‌లోంచి గ్యాస్ మాత్రమే వచ్చేదాకా నొక్కి, మూత పెట్టండి. ఏ షేడో, ఏ నెలలో కొట్టారో డబ్బా మీద రాసి ఇంట్లో చల్లటి చోట దాచుకోండి. ఆర్మ్‌రెస్ట్ దగ్గర గీత పడితే చిన్న మూతలోకి కాస్త కొట్టి, ఇయర్ బడ్‌తో అద్దితే సరిపోతుంది.